పట్టపగటి గురుగ్రహం

నేను గురుగ్రహాన్ని ఎక్కువగా చూసింది పట్టపగలే. ఈ మాట అనగానే ఎదుటివాళ్లు నా మొహం వంక అదోలా చూస్తారు. వాళ్లను నమ్మించాలని ఒక వయసులో తెగ తాపత్రయపడ్డాను. ఇప్పుడు ఆ ఓపిక లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, నమ్మేవాళ్లు నమ్ముతారు.

డెబ్బైల మొదటి రోజులవి. జిన్నారం అవతల ఒక రాళ్లగుట్ట మీద మా పరిశోధన సంస్థ ఒక టెలిస్కోపును నిలబెట్టింది. సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఆ గుట్ట కూడా ఇప్పుడు లేదు, కంకర కింద కొట్టుకుపోయారు. టెలిస్కోపు అనగానే తెల్లటి గోపురం ఊహించుకోకండి. మాది రేకుల షెడ్డు. దాని కప్పు ఇనుప పట్టాల మీద పక్కకు జరిగేది. జరపడానికి ఇద్దరు కావాలి, ఆ ఇద్దరూ కడుపు నిండా తిని వచ్చి ఉండాలి. లోపల మా ఇంట్లో పెళ్లిళ్లకు అటక మీంచి దించే గంగాళమంత వెడల్పు అద్దం ఉండేది.

అంత మూలకు ఎందుకొచ్చారంటే, పటాన్‌చెరు చుట్టూ అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. వాటికి ఆక్సిజన్ అమ్మే ఒక గ్యాస్ కంపెనీ లిక్విడ్ నైట్రోజన్ కూడా తీసేది. అది లేకపోతే మా పరికరం గుడ్డిది. మేం పట్టుకోవాలనుకున్నది గురుగ్రహం వెలుగును కాదు, దాని వేడిని. ఆ వేడి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుగా వస్తుంది, కంటికి ఆనదు. దాన్ని పసిగట్టే డిటెక్టరు ఆవగింజంత. అది తనే వెచ్చగా ఉంటే సొంత వేడిలో దానికి ఇంకేమీ తెలియదు. అందుకని రోజూ జీపులో పెద్ద ఫ్లాస్కుతో లిక్విడ్ నైట్రోజన్ తెచ్చి దాని చుట్టూ పోసి, మంచు కన్నా ఎన్నో రెట్లు చల్లబరిచేవాళ్లం. మూత తీస్తే తెల్లగా పొగలు కక్కేది. గ్యాస్ కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని దయ్యం క్యాన్ అనేవాడు. ఒక చెయ్యి వేయమంటే దూరం నుంచే దండం పెట్టేవాడు.

మాది సంగారెడ్డి. బజారులో నాయినకు ధాన్యం, పప్పుల దుకాణం. మా వాళ్లలో మగపిల్లలకే అంత చదువెందుకు, కొట్లో కూర్చుంటే చాలదా అనుకునే రోజుల్లో నేను పట్నంలో హాస్టల్లో ఉండి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఆ గుట్ట మీద ఉద్యోగం వచ్చిందని తెలిసి మా మేనత్త పనిగట్టుకుని వచ్చింది. "దీనికి గురుబలం రావాలని మేము గుడి గుడి తిరుగుతుంటే, ఇది పోయి గురుడ్నే పట్టుకున్నది" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను.

నవ్వాను గానీ, లోపల గుబులు ఉంది. ఆ ఉద్యోగం ఏడాది పాటు పరీక్ష మీద ఇచ్చినది. ఏడాది చివర్లో పైనుంచి ఒక కమిటీ వచ్చి పని చూస్తుంది. నచ్చితే పర్మనెంట్ చేస్తారు, నచ్చకపోతే ఇంటికి పంపిస్తారు. ఇల్లంటే నాకు తెలుసు. అత్త వెతికి పెట్టిన సంబంధాలు చాప వేసుకుని కూర్చున్నాయి. కాబట్టి ఆ ఏడాదిలో నాకు కావలసింది ఒక్కటే. గురుగ్రహం వేడిని కొలిచి పటం గీయాలి, అది నా పేరుతో బయటికి రావాలి. అది వస్తే నన్ను గుట్ట దించేవాళ్లు ఉండరు.

చేరిన కొత్తల్లోనే ఆఫీసులో ఒక నిబంధన చూపించారు. పొద్దు గుంకాక, పొద్దు పొడవక ముందు ఆడవాళ్లు గుట్ట మీద ఉండరాదు. టెలిస్కోపు పనికి తీసుకున్న మనిషిని రాత్రి రావద్దంటే ఇంకేం చేయాలి? మా ప్రాజెక్టు అధికారిని మేమంతా పెద్దాయన అనేవాళ్లం. ఆయన ఆ కాగితాన్ని నా ముందుకు జరిపి, నేను గదిలో ఫ్యాను కింద కూర్చుని లెక్కలు చేసుకోవచ్చనీ, రాత్రి పని మగవాళ్లు చూసుకుంటారనీ చాలా దయగా చెప్పారు. ఆయనది కోస్తా. చక్కటి ఇంగ్లీషు, ఇస్త్రీ నలగని చొక్కా. ఏళ్ల తరబడి కంటితో, ఫొటో ప్లేట్లతో గ్రహాలను చూసిన మనిషి. కోప్పడి ఉంటే భరించేదాన్నేమో, ఆ దయకు నాకు ఒళ్లు మండింది.

ఆ మంటలోనే ఆలోచించాను. పగలు ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుంది? గాలి ఎండను చెదరగొడుతుంది కాబట్టి. కానీ మేం కొలవబోయే ఇన్‌ఫ్రారెడ్‌లో ఆ చెదిరిన ఎండ లెక్కలోకి రాదు. అక్కడ అడ్డుపడేది గాలికి ఉన్న సొంత వేడి. అది రాత్రీ ఉంటుంది, పగలూ ఉంటుంది. దాన్ని తీసివేసే ఏర్పాటు పరికరంలోనే ఉంది. ఒక చిన్న అద్దం టకటకా ఊగుతూ డిటెక్టరుకు ఒకసారి గ్రహాన్నీ, ఒకసారి పక్కనున్న ఖాళీ ఆకాశాన్నీ చూపిస్తుంది. రెండింటికీ మధ్య ఉన్న తేడాను మాత్రమే రికార్డరు పెన్ను కాగితం మీద గీస్తుంది. నెయ్యి తూచే ముందు ఖాళీ గిన్నెకు సరిపడా రాయి అవతలి పళ్లెంలో వేసి ధడా కట్టడం లాంటిదే. మరి పగలు కొలిస్తే వచ్చిన నష్టమేమిటి? ఆ చలికాలం గురుడు తెల్లవారేసరికి దక్షిణాన బాగా పైన ఉండి, మధ్యాహ్నానికి పడమట దిగిపోతున్నాడు. పొద్దు పొడిచాక నాకు చేతినిండా సమయం. నిబంధన నిబంధన దగ్గరే ఉంటుంది, నేను టెలిస్కోపు దగ్గర ఉంటాను.

పెద్దాయనకు చెప్తే నవ్వారు. కుదరదని మాత్రం అనలేదు, సరదా తీర్చుకోమన్నారు. ఆ మాటను నేను అనుమతి కింద రాసుకున్నాను.

ఇక రోజూ అదే తిరుగుడు. సంగారెడ్డిలో మొదటి బస్సు ఎక్కేదాన్ని. మొదటి షిఫ్టుకు పోయే కార్మికులతో అది కిటకిటలాడేది. బీహారు వాళ్ల హిందీ, మా వాళ్ల తెలుగు, మధ్యలో కండక్టరు ఉర్దూ తిట్లు. ఇంత పొద్దున్నే ఏ ఆఫీసుకని కండక్టరు ఒకసారి అడిగాడు. చుక్కల ఆఫీసన్నాను. చుక్కలన్నీ డ్యూటీ దిగే వేళకు నువ్వు ఎక్కుతున్నావేందమ్మా అని బస్సంతా వినేలా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది, ఎందుకంటే అది పెద్దాయన నవ్వులాంటిది కాదు.

పటాన్‌చెరులో దిగితే జీపు. జీపు నడిపేదీ, పరికరం తీగలు చూసేదీ ఒకే మనిషి, మా టెక్నీషియన్. గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. రామచంద్రాపురంలో ప్రభుత్వ ఫ్యాక్టరీ పనికని కుటుంబంతో ఇటు వచ్చి, తర్వాత మా సంస్థకు మారాడు. వెలిమెలలో కిరాయికి ఉండేవాడు. నన్ను 'అమ్మాయిగారూ' అనేవాడు, నేను 'అన్నా' అనేదాన్ని. కప్పు జరపడానికి నా పక్కన భుజం పెట్టే రెండో మనిషి అతనే. అతని భార్య కట్టిచ్చిన గోంగూర పచ్చడి, మా అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె కలిపి గుట్ట మీద తినేవాళ్లం. తెలంగాణ, ఆంధ్ర అంటూ బజార్లలో జనం గొంతులు చించుకుంటున్న ఆ రోజుల్లో మా మధ్య వచ్చిన ఒకే ఒక్క తగువు ఆ పచ్చడిలో ఎంత కారం ఉండాలన్నది.

పగలు గ్రహాన్ని వెతికి పట్టుకోవడం మాటలు కాదు. టెలిస్కోపు ఇరుసులకు అంకెలు చెక్కిన చక్రాలు ఉంటాయి. లెక్క కట్టి ఆ అంకెల దగ్గరకు తిప్పి, కంటి గొట్టంలోంచి చూడాలి. మొదట కొన్ని రోజులు నీలం తప్ప ఏమీ లేదు. కళ్లు లాగేవి. అన్న దూరంగా కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఏమీ అడిగేవాడు కాదు, అది ఇంకా కష్టంగా ఉండేది. చివరికి ఒక పొద్దున దొరికాడు. ఆ నీలం మధ్యలో, గోడ మీద సున్నం పలచబడిన మరకలా ఒక లేత గుండ్రం. దాని మీద ఇంకా లేతగా రెండు చారలు. ఎండ నా ఎడమ భుజం మీద చురచురలాడుతోంది. నాకు ఏడుపొచ్చింది. అన్న చూస్తున్నాడని తెలిసీ దాచుకోలేదు.

పెన్ను నడిపించే ముందు రోజూ ఒక పని చేసేదాన్ని. డిటెక్టరు కిటికీ ముందు నా అరచేయి పెట్టేదాన్ని. చేయి వెచ్చన, కాబట్టి పెన్ను పైకి లేవాలి. చేయి తీస్తే సున్నా గీత మీదికి దిగాలి. అది చూసుకున్నాకే గ్రహం. ఇది నాకు ఏ ప్రొఫెసరూ నేర్పలేదు. మా దుకాణంలో నాయిన గింజ ముట్టుకునే ముందు ఖాళీ తరాజు ఎత్తి కొనేవాళ్లకు చూపిస్తాడు. రెండు పళ్లేలూ సమంగా ఉన్నాయని వాళ్లు తల ఊపితేనే తూకం మొదలు. కొండాపూర్ నుంచి కందులు తెచ్చే రైతైనా, మా సొంత మేనత్తైనా సరే అంతే. అది చూస్తూ పెరిగినదాన్ని, చేయి పెట్టకుండా కొలిస్తే కొలిచినట్టే అనిపించేది కాదు. ఆ వేళకు అన్న జీపును నీడకు పెట్టడానికి కిందికి దిగేవాడు. ఈ సంగతి అతనికి తెలియదు.

మా డిటెక్టరు ఒకసారికి గ్రహంలో ఒక్క చుక్కంత మేరనే చూడగలదు. ఫొటోలాగా పటం ఒకేసారి రాదు. గ్రహాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు మెల్లగా జరుపుతూ పోతే పెన్ను ఎత్తుపల్లాలతో ఒక గీత గీస్తుంది. కాస్త కిందికి జరిగి మళ్లీ ఒక గీత. ఆ గీతలను వరసగా పేర్చి, వేడి ఎక్కువ ఉన్నచోట కాగితం తెల్లగా వదిలేసి, తక్కువ ఉన్నచోట పెన్సిలుతో నల్లగా రుద్దుకుంటూ పోవాలి. మంచు పడితే ఆ రోజు పోయినట్టే. గాలి వీస్తే ఆ గీత పోయినట్టే. వారాల తరబడి పొద్దుటి పూటలు కలిస్తే ఒక బొమ్మ.

బొమ్మ తేలేకొద్దీ నాకు మతిపోయింది. కంటి గొట్టంలో తెల్లగా మెరిసే చారలు నా పటంలో నల్లగా వస్తున్నాయి. కంటికి గోధుమరంగులో మసకగా ఉండే చారలు కాగితం మీద నిప్పుల్లా వెలుగుతున్నాయి. తప్పు చేశానేమోనని మళ్లీ కొలిచాను. ఇంకో వారం ఆగి మళ్లీ కొలిచాను. అదే వచ్చింది. అప్పుడు మెల్లగా అర్థమైంది. గురుగ్రహానికి లోపల సొంత వేడి ఉంది. తెల్ల చారల్లో మబ్బు మందపాటి దుప్పటిలా కప్పి ఉంది కాబట్టి ఆ వేడి పైకి రావడం లేదు. గోధుమ చారల్లో మబ్బు పలచన, అక్కడ లోపలి వేడి బయటపడుతోంది. విదేశాల్లో ఎవరో అప్పటికే ఇలాంటిది చూశారని తర్వాత తెలిసింది. పత్రికలు మాకు ఓడల మీద వచ్చేవి, మా చేతికి అందేసరికి వార్త పాతబడేది. ఆ పొద్దున మా గుట్ట మీద మాత్రం ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. బస్సులో ఇంటికి పోతూ దారి పొడవునా నాలో నేనే నవ్వుకున్నాను.

పటం చుట్టచుట్టి పెద్దాయన గదికి తీసుకెళ్లాను. ఆయన బల్ల మీద పరిచి ఒక్క చూపు చూశారు.

"ఏమ్మా, తీగలు తిరగేసి కలిపినట్టున్నావే" అన్నారు.

చీకటిగా ఉన్న చార వేడిగా ఎలా ఉంటుందన్నారు. పగటి కొలతలు ఇలాగే తగలడతాయన్నారు. నేను మబ్బుల సంగతి చెప్పాను. రోజూ అరచేయి పెట్టి చూస్తున్నానని చెప్పాను. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర్లో చెప్పాను. తీగలు తిరగబడి ఉంటే గ్రహం మీద ప్రతిచోటా పెన్ను సున్నా గీత కిందికి పోయి ఉండాలి. అంటే గ్రహం పక్కనున్న ఖాళీ ఆకాశం కన్నా తక్కువ వేడి ఇస్తున్నట్టు. ఖాళీ పళ్లెం కన్నా తక్కువ తూగే సరుకు ఎక్కడైనా ఉంటుందా? నా కాగితాల్లో పెన్ను ఒక్కసారి కూడా గీత కిందికి పోలేదు.

ఆయన ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆయనకు అప్పుడు అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఆయన్ని నేను ఎప్పుడో క్షమించేదాన్ని. తర్వాత గొంతు తగ్గించి, సున్నా గీత మనం గీసుకున్నదే కదా, కాస్త కిందికి జరుపుకుంటే సరిపోతుందన్నారు. కమిటీ వస్తోంది, ఇన్నేళ్లుగా ప్లేట్ల మీద కనిపిస్తున్నదానికి అడ్డంగా పటం చూపిస్తే అందరం నవ్వులపాలవుతామన్నారు. నలుపును తెలుపు, తెలుపును నలుపు చేసి మళ్లీ గీయమన్నారు. అలా గీస్తే పటం మీద మొదటి పేరు నాదేననీ, ఉద్యోగం సంగతి తను చూసుకుంటాననీ కూడా చెప్పారు.

సున్నాను జరపడం. మా బజారులో ఆ పని చేసేవాళ్లను ఏమంటారో నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దవాడని మింగేశాను.

"నేను తిప్ప సార్" అన్నాను. "కొలిచినప్పుడు గట్లనే ఉన్నది. గట్లనే ఉంటది."

ఆయన ముందు నేను ఎప్పుడూ ఇంగ్లీషో, పుస్తకాల తెలుగో మాట్లాడేదాన్ని. కోపంలో ఇంటి మాట బయటికొచ్చింది. వస్తే రానీ అనుకున్నాను.

సాయంత్రం దుకాణంలో బస్తాల మధ్య కూర్చుని నాయినకు అంతా చెప్పాను. ఆయన నా వైపే ఉంటాడన్న ధీమాతోనే చెప్పాను. చారల సంగతి ఆయనకు పట్టలేదు. నౌకరీ పోతుందా అని అడిగాడు. పోవచ్చన్నాను. కాసేపు పప్పులో చేయి ఆడిస్తూ కూర్చుని, అంత పరేషాన్ ఎందుకు, వాళ్లు చెప్పినట్టు తిప్పి గీసేయరాదా అన్నాడు. మరి నువ్వు రోజూ ఖాళీ తరాజు ఎందుకు ఎత్తి చూపిస్తున్నావని గట్టిగా అడిగాను. హమాలీలు తలలు తిప్పి చూశారు.

"ఎదురుంగ కొనేటోడు ఉంటడు గాబట్టి సూపిస్త" అన్నాడు నాయిన. "ఆడ ఆకాశంల ఎవడున్నడు బిడ్డా, సూడనీకె?"

"నేనున్న" అన్నాను.

నాయిన తరాజు తీసి కొక్కేనికి తగిలించాడు. ఆ రోజు నుంచి నా వెనక ఎవరూ లేరని నాకు తెలిసిపోయింది. భయం వేసింది. అయినా మర్నాడు మొదటి బస్సే ఎక్కాను.

ఆ పొద్దున డిటెక్టరు ముందు అరచేయి పెట్టాను. పెన్ను పైకి లేవడానికి బదులు దభీమని గీత కిందికి పడింది. చేయి తీశాను, లేచింది. మళ్లీ పెట్టాను, పడింది. నా చేయి ఖాళీ ఆకాశం కన్నా చల్లగా ఉందని పరికరం చెప్తోంది. వెర్రిదానిలా ఒకసారి చేయి చెంపకు ఆనించుకుని చూసుకున్నాను. తర్వాత పరికరం వెనక మూత విప్పాను. రెండు తీగలు అటుదిటు, ఇటుదటు మారి ఉన్నాయి. సోల్డరింగ్ ఇంకా కొత్తగా మెరుస్తోంది.

అన్నను పిలిచాను. అతను మెట్లెక్కి వచ్చి, విప్పిన మూత చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పెద్దాయన నిన్న సాయంత్రం దగ్గరుండి చేయించారండి, అమ్మాయిగారూ" అన్నాడు. "ఎందుకని అడగలేదు. పిల్లలు గలవాణ్ని, ఎలా అడగను?"

నేను తిప్పనన్నదాన్ని కమిటీ ముందు పరికరం చేతే తిప్పించాలని పెద్దాయన ఎత్తు. అన్న మీద నాకు చాలా కోపం వచ్చింది. కలిసి తిన్న రొట్టెలన్నీ గుర్తొచ్చాయి. కానీ ఉద్యోగం పోతే నాకు కనీసం నాయిన దుకాణం ఉంది, ఊరుగాని ఊళ్లో అతనికి ఏముంది? సోల్డరింగ్ ఐరన్ కావాలన్నాను. అతను మారుమాట లేకుండా దాన్ని వేడి చేసి తెచ్చి నా చేతికిచ్చాడు. తీగలు నేనే విడదీసి, నేనే మళ్లీ సరిగా అతికాను. అరచేయి పెట్టాను, పెన్ను పైకి లేచింది. ఆ పూట కూడా కొలిచాను.

కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. ముగ్గురు మనుషులు, వాళ్లలో పెద్దవాడు బయటి రాష్ట్రం నుంచి వచ్చిన తెల్లజుట్టు ప్రొఫెసరు. పెద్దాయన వాళ్లను పొద్దున్నే గుట్ట మీదికి తీసుకొచ్చారు. నేను వెళ్లేసరికి షెడ్డు గోడకు పటం వేలాడుతోంది. నా గీతలే, నా కొలతలే. నలుపు తెలుపులు మాత్రం తిరగబడి ఉన్నాయి. ఆఫీసులో ఎవరి చేతనో నల్ల ఇంకుతో అందంగా గీయించారు. కింద మొదటి పేరు నాది. అంతవరకూ నా పేరును అంత ముద్దుగా ఎవరూ రాయలేదు. చూస్తూ నిలబడ్డాను. ఒక్క నిమిషం మనసు లాగింది కూడా. ఊరుకుంటే చాలు, నేను చేయాల్సింది ఏమీ లేదు.

ఊరుకోలేదు. అన్నా నేనూ కప్పు జరిపాం. చక్రాలు తిప్పి గురుడిని పట్టాను. ముగ్గురూ వంతుల వారీగా కంటి గొట్టంలో చూశారు. పట్టపగలు, నీలం ఆకాశంలో గ్రహం చూడటం వాళ్లకూ అదే మొదటిసారి. తెల్లజుట్టాయన చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత నేను పెద్దాయన వైపు తిరిగి, ఒకసారి డిటెక్టరు ముందు అరచేయి పెట్టమని అడిగాను. అవసరం లేదన్నారు. తెల్లజుట్టాయన తనే ముందుకొచ్చి పెట్టాడు. పెన్ను పైకి లేచింది. పెద్దాయన చప్పున అన్న వైపు చూశారు. అన్న దూరంగా ఉన్న జీపు టైర్ల వైపు చూస్తున్నాడు.

ఇక గ్రహం మీద మొదటి గీత మొదలుపెట్టాను. ఒక తెల్ల చార, ఒక గోధుమ చార దాటితే చాలు, ఎవరూ నోరెత్తలేరు. పెన్ను అంచు దాటి మెల్లగా లోపలికి వస్తోంది. అంతలో పడమటి నుంచి పల్చటి మబ్బు తెర వచ్చింది. కంటికి తెలిసీ తెలియనంత పలచన. మా డిటెక్టరుకు అది మంటలాంటిది. పెన్ను పిచ్చెత్తినట్టు పైకీ కిందికీ కొట్టుకుంది. ఆగాం. చాలాసేపు ఆగాం. తెర విడలేదు. గురుడు పడమటికి దిగిపోతున్నాడు. నా ఏడాదంతా ఆ మబ్బు కింద పడి ఉంది, నేను చేయగలిగింది ఏమీ లేదు. పెద్దాయన మొహం విప్పారింది. పగటి కొలతల భాగ్యం ఇంతేనని ఇంగ్లీషులో, మళ్లీ అదే దయతో అన్నారు.

నేను సంచిలోంచి నా పటం తీసి గోడ మీది పటం పక్కన పట్టుకున్నాను. అది తిరగేసిన పటమనీ, ఇది కొలిచిన పటమనీ చెప్పాను. తెల్లజుట్టాయన రెండింటినీ మార్చి మార్చి చూశాడు. చెడ్డ మనిషి కాదు. చేయి పెట్టింది ఆయనే, పెన్ను లేవడం చూసిందీ ఆయనే. కానీ ఒక్క పొద్దున చూసినదానితో ప్రాజెక్టు అధికారి మాటను కాదనలేమనీ, అధికారికంగా ఇచ్చిన పటాన్నే తీసుకుంటామనీ, నా అనుమానాలు తర్వాత నెమ్మదిగా తేల్చుకోవచ్చనీ చెప్పాడు. ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం మీద ఈరోజే సంతకాలని పెద్దాయన పక్కనుంచి గుర్తుచేశారు.

"పటం తీసేయండి. లేదంటే నా పేరు తీసేయండి" అన్నాను. అందరికీ తెలియాలని ఇంగ్లీషులోనే అన్నాను.

దాని అర్థం ఏమిటో తెలుసా అని తెల్లజుట్టాయన అడిగాడు. తెలుసన్నాను. ఎవరూ కదల్లేదు. అందుకని రికార్డరు పక్కనున్న సిరాకలం నేనే తీసుకుని, గోడ దగ్గరికి వెళ్లి, నా పేరు నేనే కొట్టేశాను. ఒక గీతతో సరిపెట్టలేదు. అక్షరం తెలియనంతగా రుద్ది రుద్ది కొట్టేశాను. కాగితం చిరిగింది కూడా.

నెలాఖరుకు మానుకొమ్మని ఉత్తరువు వచ్చింది. నెలాఖరు దాకా రావద్దని మాత్రం అందులో లేదు, కాబట్టి రోజూ వెళ్లి కొలిచాను. గోధుమ చారలు చివరి పొద్దున కూడా వేడిగానే ఉన్నాయి. ఆ చివరి రోజు కప్పు మూశాక అన్న నా సంచి మోసి పటాన్‌చెరు బస్సు దాకా తెచ్చాడు. అత్త తెచ్చిన సంబంధాలకు నేను కూర్చోలేదు. నాయిన కొన్ని నెలలు ముభావంగా ఉన్నాడు. ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పని దొరికింది, దాన్నే పట్టుకున్నాను.

కొన్నేళ్లకు ఏదో పనిమీద పట్నం వెళ్లి లైబ్రరీలో కూర్చుని ఉండగా ఒక విదేశీ పత్రికలో గురుగ్రహం ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ కనిపించింది. మా దానికన్నా ఎంతో పెద్ద టెలిస్కోపుతో, ఎత్తైన కొండ మీంచి తీసింది. గోధుమ చారలు తెల్లగా భగభగమంటున్నాయి. తెల్ల చారలు మసిబొగ్గు. లైబ్రరీ అని చూడకుండా బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టాను. పక్కవాళ్లు ఉలిక్కిపడ్డారు. పెద్దాయనకు చూపించాలని అప్పటికప్పుడు లేచాను. కానీ ఆయన పెద్ద పదవి మీద ఇంకెక్కడికో వెళ్లిపోయి చాలాకాలమైంది.

మళ్లీ కూర్చుని, మా సంస్థ అచ్చు వేసిన ఆ ఏటి సంపుటం అడిగి తెప్పించుకున్నాను. తిరగేసిన పటం అందులో పేజీ నిండా ఉంది. కింద పెద్దాయన పేరు, మరి ఇద్దరి పేర్లు. వాళ్లు ఒక్క పొద్దున కూడా గుట్ట మీద చలిలో నిలబడలేదు. నా పేరు కోసం వెతికాను. లేదు. పేజీ మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా ఇంకోసారి చూశాను. లేదు. అంతకు ముందూ ఆ తర్వాతా నేను చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ గర్వంగా అనిపించింది ఆ పేజీయే.